వేరే మానిటర్ మీద గేమ్ పరుగులు పెడుతుంటే ఇలా సరిచేశాను (నా అనుభవం)

ఏఐ అసిస్టెంట్‌తో రాయించుకున్న బ్రౌజర్ గేమ్ నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఆడేది, ఫ్రెండ్ వాళ్ల 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు తెరని మార్చే) మానిటర్ మీద మాత్రం బొమ్మ రెండింతలకు పైగా వేగంతో దూసుకుపోయేది. స్పీడ్ తగ్గిస్తే నా దగ్గర నత్తనడక, సెట్‌ఇంటర్వల్‌కి (ఇంత సమయానికోసారి కోడ్ నడిపే పద్ధతికి) మారిస్తే కుదుపులు, కోడ్ మొత్తం మళ్లీ రాయిస్తే కొత్త బగ్గులు.

చివరికి "బాగుచెయ్" అనడం మానేశాను. కోడ్ ఏమీ మార్చకుండా ముందు ఒక్కో ఫ్రేమ్‌కీ (తెర మీద ఒకసారి గీసే దృశ్యానికి) ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో కన్సోల్‌లో (బ్రౌజర్‌లో కోడ్ సందేశాలు కనిపించే చోట) చూపించమన్నాను. నా దగ్గర 16.7, వాడి దగ్గర 6.9. అప్పుడు వెలిగింది: రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ (ప్రతి ఫ్రేమ్‌కీ గేమ్ కోడ్‌ని పిలిచే బ్రౌజర్ సదుపాయం) స్క్రీన్ రిఫ్రెష్‌ని బట్టి నడుస్తుంది, మా కోడేమో ప్రతి ఫ్రేమ్‌కీ గుడ్డిగా 5 పిక్సెళ్లు జరుపుతోంది. ఆ రెండు అంకెలూ అసిస్టెంట్‌కి ఇచ్చి, సెకనుకు 300 పిక్సెళ్లు అని పెట్టి దాన్ని గడిచిన సమయంతో గుణించమన్నాను. నడక సరిపోయింది కానీ గెంతు ఇంకా తేడాగానే ఉంది, ఎందుకంటే గ్రావిటీని (బొమ్మని కిందికి లాగే లెక్కని) కూడా ఇలా మార్చడం అసిస్టెంట్ మర్చిపోయింది (ఇలాంటివి అది చెప్పదు, మనమే పట్టుకోవాలి). అదీ మార్పించాక ఇంకోటి బయటపడింది: వేరే ట్యాబ్‌కి వెళ్లి తిరిగొస్తే బొమ్మ గోడలోంచి అవతలికి పోతోంది. ఆ కాసేపట్లో గడిచిన సమయమంతా ఒకేసారి లెక్కలోకి వస్తోందన్నమాట. దాన్ని 0.05 సెకన్లు దాటకుండా ఆపితే పోయింది.

నాది చిన్న గేమ్, ఢీకొట్టుకోవడాలు ఎక్కువుంటే ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ (గేమ్ లెక్కలని ఎప్పుడూ ఒకే నిడివి అడుగుల్లో నడపడం) అవసరం కావచ్చు. అన్ని మెషీన్లలోనూ గేమ్ నెమ్మదిగానే ఉంటే మాత్రం అది ఈ జబ్బు కాదు.