మళ్లీ నీటిలోకి – 4వ పాఠం: పైకి రావడం

ఎప్పుడో స్కూబా డైవింగ్ నేర్చుకుని, ఏళ్ల తర్వాత మళ్లీ సముద్రంలో దిగుతున్న మనలాంటి వాళ్ల కోసం ఈ పాఠాలు. గత పాఠంలో మాస్క్‌లో చేరిన నీళ్లను ముక్కుతో ఊది పంపేయడం, నోట్లోంచి జారిపోయిన రెగ్యులేటర్‌ని (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం) వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాం. స్విమ్మింగ్ పూల్‌లో ఒక్కోటి పదేసి సార్లు చేశాకే ఈ పాఠం మొదలుపెట్టండి. తొందరేం లేదు, ఇన్నేళ్లు ఆగినవాళ్లం.

ఈ పాఠం మాత్రం ఒడిశా కొండల మీద కొరాపుట్, సునాబెడ, జయపురం వైపు ఉండే మనవాళ్లు జాగ్రత్తగా చదవాలి. కింద విశాఖలోనో విజయనగరంలోనో ఉండే డైవర్‌కి అక్కర్లేని లెక్క ఒకటి మనకుంది.

నేను 1999లో లక్షద్వీప్‌లోని కద్మత్ దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే డైవింగ్‌లో మొదటి కోర్సు చేసి, డైవర్ కార్డు తెచ్చుకున్నాను. తర్వాత ఉద్యోగం, పిల్లలు, అత్తగారి అనారోగ్యం. 24 ఏళ్లు సముద్రంలో పాదాలు తడుపుకోవడమే తప్ప తల ముంచింది లేదు. ఆ కార్డుకి గడువంటూ ఉండదు కాబట్టి అది పట్టుకుని పాత పాఠాలు మళ్లీ చేయించే రిఫ్రెషర్ కోసం విశాఖ రుషికొండ వెళ్లాను. రిఫ్రెషర్‌లో మాస్క్, రెగ్యులేటర్ బాగానే వచ్చాయి. పైకి వస్తున్నప్పుడు చేతికున్న డైవ్ కంప్యూటర్, అంటే లోతూ వేగమూ లెక్కగట్టే గడియారం లాంటిది, బీప్ బీప్‌మని మొత్తుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. నాకు నేర్పిన వేగంతోనే వస్తున్నాను మరి!

ఆ రోజుల్లో మాకు చెప్పింది నిమిషానికి 18 మీటర్లు, అంటే 60 అడుగులు. శరీరం గురించి లెక్కలు కట్టి తేల్చిన అంకె కాదది. 1950లలో అమెరికా నౌకాదళంలో ఈదుతూ వచ్చే డైవర్లు వేగంగా రావాలన్నారు, బరువైన హెల్మెట్ డైవర్లు అంత వేగం తమవల్ల కాదన్నారు. మధ్యే మార్గంగా సెకనుకు ఒక అడుగు అన్నారు. తర్వాత అదే నౌకాదళం దాన్ని 30 అడుగులకు తగ్గించింది. ఇప్పటి డైవ్ కంప్యూటర్లు చాలావరకు నిమిషానికి 9 మీటర్లు దాటితే ఒప్పుకోవు. సెకనుకు 15 సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు.

ఎందుకంత నెమ్మది? గోళీ సోడా గుర్తుచేసుకోండి. గోళీ బిగిసి ఉన్నంతసేపు సీసాలో నీళ్లు తేటగా ఉంటాయి. బొటనవేలితో నొక్కగానే ఒత్తిడి తగ్గి, అప్పటిదాకా నీళ్లలో కరిగి ఉన్న వాయువు బుస్సుమని బుడగలవుతుంది. మన శరీరంలో ఆ వాయువు నైట్రోజన్. లోతుకి వెళ్లేకొద్దీ ఒత్తిడికి తగ్గట్టు రక్తంలోకి, కొవ్వులోకి, కీళ్లలోకి కరుగుతుంది. నెమ్మదిగా వస్తే ఊపిరితో పాటే బయటికి పోతుంది. గబగబా వస్తే లోపలే బుడగ కడుతుంది. ఇంగ్లండ్‌లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త తన తోటివాళ్లతో కలిసి మేకల మీద ప్రయోగాలు చేసి, పైకి ఎలా రావాలో మొదటి పట్టికలు 1908లో ప్రచురించాడు. మన చేతికున్న కంప్యూటర్ ఇవాళ్టికీ ఆ దారిలోనే లెక్క వేస్తుంది.

ఊపిరితిత్తుల సంగతి వేరు, అది ఇంకా తొందరగా దెబ్బతీస్తుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర నాలుగు, 20 దగ్గర మూడు, 10 దగ్గర రెండు, పైన ఒకటి. 30 నుంచి 20కి వస్తే లోపలి గాలి మూడో వంతే పెరుగుతుంది. 10 నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది. అంటే వెలుతురు కనిపించి ప్రాణం లేచివచ్చే ఆ చివరి 10 మీటర్లే అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. ఊపిరి ఎక్కడా బిగబట్టకూడదు. బీసీడీలోని (నీటిలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్) గాలి కూడా అలాగే ఉబ్బి మనల్ని పైకి లాగేస్తుంది కాబట్టి దాని గాలి వదిలే గొట్టం డిఫ్లేటర్‌ని ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. అదే సేఫ్టీ స్టాప్. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలి ఉండగానే పడవ ఎక్కేలా చూసుకోవాలి.

ఇంతవరకు ఏ కోర్సులోనైనా చెబుతారు. ఇక మన లెక్క.

రిఫ్రెషర్ అయ్యాక సామాను కడుగుతుంటే ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు. మా అబ్బాయికన్నా చిన్నవాడు.

"రాత్రికి ఎక్కడుంటారమ్మా?"

"ఇంటికే బాబూ, కొరాపుట్. కారుంది, నాలుగైదు గంటల్లో వెళ్లిపోతాను."

"వద్దమ్మా. ఈ రాత్రికి ఘాట్ ఎక్కొద్దు."

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడమంటే నీటిలోంచి పైకి రావడాన్ని ఇంకా కొనసాగించడమే. గాలి ఒత్తిడి తగ్గుతూనే ఉంటుంది, శరీరంలో మిగిలిన నైట్రోజన్‌కి గోళీ ఇంకాస్త నొక్కినట్టవుతుంది. అరకు మీదుగా రైల్లో వెళ్దామంటే అదీ అంతే. ఆ దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది.

డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే వ్యవధులు అందరికీ తెలుసు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేసినా వరసగా రోజులు చేసినా కనీసం 18 గంటలు ఆగాలి. ఆ సూచన సుమారు 600 నుంచి 2400 మీటర్ల ఎత్తుతో సమానమైన క్యాబిన్ ఒత్తిడికి చెప్పింది. కొరాపుట్ ఆ పరిధిలోనే ఉంది. మనం విమానం ఎక్కకుండానే విమానంలో కూర్చున్నట్టు!

ఆ రాత్రి విజయనగరంలో పిన్నిగారింట్లో పడుకున్నాను. ఇప్పటికీ ప్రతిసారీ అదే పద్ధతి. విజయనగరమైనా సాలూరైనా కొండ కిందే ఉండాలి.

మన వయసులో ఇంకో చిక్కుంది. కీళ్లు ఎప్పుడూ నొస్తూనే ఉంటాయి. ఆ నైట్రోజన్ బుడగల వల్ల వచ్చే డికంప్రెషన్ జబ్బు మొదట కనబడేది కూడా అలాగే. భుజంలోనో మోకాలిలోనో నొప్పి, తిమ్మిరి, చర్మం దురద, అంతులేని నీరసం. బ్యాగు మోశాను కదా అని సర్దిచెప్పుకుంటాం. అందుకే నేను డైవ్‌కి ముందు రోజు రాత్రే లాగ్‌బుక్‌లో ఉన్న నొప్పులన్నీ రాసుకుంటాను, "కుడి మోకాలు, మెట్లు దిగేటప్పుడు" అని. మర్నాడు ఆ జాబితాలో లేని నొప్పి వస్తే ఘాట్ మాట మర్చిపోయి, ఆక్సిజన్ ఉన్న చోటికి, డైవింగ్ తెలిసిన డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నీళ్లు బాగా తాగండి. దాహం పట్టిన శరీరానికి ఈ ప్రమాదం ఎక్కువ.

మన కోలాబ్ జలాశయంలో డైవ్ చేయొచ్చా అని కొందరికి ఆశ. 300 మీటర్లు దాటిన ఎత్తులో డైవింగ్‌కి లెక్కలు వేరు, శిక్షణా వేరు. సముద్రంలో నేర్చుకున్నది పట్టుకుని అక్కడ దిగొద్దు.

ఈ వారం అభ్యాసం రెండు పనులు. డాబా మీంచి 3 మీటర్ల తాడు వేలాడదీసి కింద నిలబడండి. చేతికి అందినంత మేర, సెకన్ల ముల్లు చూస్తూ, సెకనుకు 15 సెంటీమీటర్ల చొప్పున వేళ్లు పైకి జరపండి. మీటరు తాడుకి దాదాపు 7 సెకన్లు పట్టాలి. మొదటిసారి అందరూ తొందరపడతారు. ఊపిరి మామూలుగా పీల్చి వదులుతూ, చెయ్యి తనంతట తానే నెమ్మదించేదాకా చేయండి.

రెండోది కాగితం మీద. శనివారం రెండు డైవ్‌లు చేశారు, రెండోసారి నీటిలోంచి తల బయటపెట్టింది మధ్యాహ్నం 12:30కి. విజయనగరం నుంచి ఎప్పుడు బయల్దేరొచ్చు? సామాను సర్దిన టైము నుంచి లెక్కపెట్టకండి, తల బయటపెట్టిన నిమిషం నుంచి లెక్కపెట్టండి. జవాబు ఆదివారం ఉదయం 6:30. పిన్నిగారి ఇడ్లీలు తినే బయల్దేరొచ్చు.

వచ్చే పాఠం అడ్వాన్స్‌డ్ కోర్సు గురించి. ఓపెన్ వాటర్ కార్డుతో మన హద్దు 18 మీటర్లు, అది 30కి పెరుగుతుంది. సిలిండర్‌లో మామూలు గాలికి బదులు నింపే, నైట్రోజన్ తగ్గించిన నైట్రాక్స్ మనలాంటి వాళ్లకి ఎందుకు పనికొస్తుందో కూడా చూద్దాం. 45 దాటినవాళ్లు ఈలోగా మెడికల్ ఫారం మీద డాక్టర్ సంతకం తెచ్చుకుని ఉంచుకోండి.