ఖరీదైన తుపాకీ మీద నగిషీ మంచిదో కాదో ఎలా చూడాలి?

లండన్‌లో పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి వాళ్లు చేసే షాట్‌గన్‌లూ, ఇటలీలో బ్రెషా దగ్గర గార్దోనె అనే ఊళ్లో చెక్కే తుపాకులూ ఫొటోలో చూసి అబ్బ అనుకుంటాం కదా, అలాంటిది ఎదురుగా దొరికితే ఏం చూడాలో చెబుతాను.

ముందు అది ఖాళీగా ఉందని యజమాని చేతే తెరిపించి చూసుకోండి. ఒట్టి వేళ్లతో ఇనుమును తడమొద్దు, చెమటకు తుప్పు పడుతుంది.

ఇప్పుడు చిన్న టార్చి, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకోండి. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ఒకే ఒక్క గీతను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్లండి. చేత్తో కోసిన గీత వెంట్రుకలా సన్నగా మొదలై, వంపులో లావెక్కి, మళ్లీ సన్నబడి మాయమైపోతుంది, టార్చి కదిపితే దాని లోపలి గోడ తళుక్కుమంటుంది. అచ్చుతో నొక్కినదైతే అంచులు మొద్దుగా ఉంటాయి, యాసిడ్‌తో తినిపించినదైతే అడుగు గరుగ్గా ఉంటుంది.

తర్వాత తీగెలు. ఇంగ్లిష్ తుపాకుల మీద ఎక్కువగా ఉండేవి చిన్న గులాబీలు, చుట్టలు తిరిగిన సన్నటి లతలు. అందరూ కుక్క బొమ్మనో పక్షినో చూస్తారు గానీ, నన్నడిగితే చెక్కినవాడి చెయ్యి ఎంతటిదో ఈ చుట్టల్లోనే తెలిసిపోతుంది. చుట్ట లోపలికి తిరిగేటప్పుడు ఎక్కడా మోచెయ్యిలా విరగకూడదు. మెలికల ముగ్గు వేసేటప్పుడు మధ్యలో చెయ్యి ఆగితే ఆ చోటు ఎలా కనిపించిపోతుందో, ఇక్కడా అంతే, కాకపోతే ఇనుము మీద చెరిపి మళ్లీ వేసే వీలు లేదు.

స్క్రూలు తప్పకుండా చూడండి. మంచి పనిలో నగిషీ స్క్రూ తల మీదుగా తెగకుండా సాగిపోతుంది, స్క్రూడ్రైవర్ పెట్టే గాళ్లన్నీ గొట్టం పొడవునా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఒక్కటి పక్కకు తిరిగి ఉన్నా తర్వాత ఎవరో విప్పి ఉంటారని అనుమానించాలి.

బొమ్మలుంటే కళ్లూ, కాళ్లూ చూడండి. ఇటలీవాళ్ల బులీనో పనిలో సుత్తి ఉండదు, సన్నటి ఉలిని అరచేత్తో నెడుతూ వేల చుక్కలు, పొట్టి గీతలు పెట్టి ఫొటోలా నీడలు తెప్పిస్తారు. ఫిర్మో ఫ్రకాసీ దీనికి పేరుమోసిన చెయ్యి. ఈక ఈకకూ తేడా ఉండి, కాలు మాత్రం పుల్లలా అతికించినట్టుంటే ఆ బొమ్మ ఓడిపోయినట్టే. ఇది చాలా పైపైన చేసే పని కాబట్టి త్వరగా అరుగుతుంది కూడా.

చివరగా, పాతదైతే తెరిచే మీట కింద, చెయ్యి తగలని చోట చూడండి. అక్కడ గీత పదునుగా ఉండి బయట మెత్తబడి ఉంటే వాడకంలో అరిగింది. స్క్రూ చుట్టూ ఇనుము గుంట పడి అంచులు గుండ్రబడితే మాత్రం ఎవరో గట్టిగా పాలిష్ పట్టేశారు, ఆ నగిషీకి పూర్తి ధర పెట్టకండి.