రోటరీ షెడ్డులో ఆవుల చన్నులకు ఆటోమేటిక్ స్ప్రే బిగించడం ఎలా?

గుండ్రంగా తిరిగే ప్లాట్‌ఫాం మీద ఆవుల్ని నిలబెట్టి పాలు తీసేది రోటరీ షెడ్డు. ఈనాటి రోటరీ షెడ్డుకు పుట్టిల్లు న్యూజిలాండ్. 1969లో అక్కడి తారనాకి ప్రాంతపు రైతు మెర్వ్ హిక్స్ మొదలుపెట్టిన ఈ తిరిగే షెడ్డు ఇప్పుడు ఆ దేశంలోని వైకాటో ప్రాంతంలో ఎటు చూసినా కనిపిస్తుంది. పాలు తీశాక చన్ను రంధ్రం అరగంటకు పైగా తెరుచుకునే ఉంటుంది. అందులోకి సూక్ష్మజీవులు దూరితే పొదుగువాపే. అందుకే పాలు పిండే మెషీన్ కప్పులు ఊడగానే చన్నులకు సూక్ష్మజీవుల్ని చంపే మందు కొట్టాలి. ఈ పని మెషీన్‌కు అప్పజెప్పిన షెడ్లలో సగం మందు నేలపాలవడం చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కావలసినవి: మందు డ్రమ్ము, పంపు, సొలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), నాన్‌రిటర్న్ వాల్వు (మందును వెనక్కి పోనివ్వనిది), నాజిల్ ఉన్న మెషీన్ చెయ్యి, బేల్‌ను (ప్లాట్‌ఫాం మీద ఒక్కో ఆవు నిలబడే గదిని) గుర్తించే సెన్సార్, కంట్రోలర్. అయోడిన్ గానీ క్లోర్‌హెక్సిడిన్ గానీ లేబుల్ మీద చెప్పిన పాళ్లలో, శుభ్రమైన నీళ్లతో, ఏ రోజుది ఆ రోజే కలపండి. పైపులు ఎలాగైనా వేసుకోవచ్చు. నాన్‌రిటర్న్ వాల్వు మాత్రం నాజిల్ పక్కనే ఉండాలి. లేకపోతే పైపు ఖాళీ అయి, మొదటి ఆవుకు గాలే తగులుతుంది.

అసలు చిక్కంతా నాజిల్ ఎక్కడ ఉండాలి, ఎప్పుడు కొట్టాలి అన్న దగ్గరే. బయటికెళ్లే దారిలో నేలకు నాజిళ్లు బిగించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నడిచే ఆవుకు మందు కాళ్లకు పడుతుంది, తోకకు పడుతుంది, చన్నుకు పడితే అదృష్టం. ఆవు ఇంకా ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగానే, వెనక కాళ్ల మధ్య నుంచి చెయ్యి లోపలికి వెళ్లి కింది నుంచి పైకి కొట్టాలి.

50 బేళ్ల షెడ్డు 10 నిమిషాలకో చుట్టు తిరిగితే ఒక్కో బేల్‌కు దక్కేది 12 సెకన్లు. ఆలోపే చెయ్యి వెళ్లాలి, కొట్టాలి, వెనక్కి రావాలి. దీన్ని టైమర్‌కు కట్టారంటే చెడినట్టే. సాయంత్రం త్వరగా ఇంటికెళ్దామని ఎవరో వేగం పెంచి చుట్టును 8 నిమిషాలకు తగ్గిస్తారు, బేల్‌కు 9.6 సెకన్లే మిగులుతాయి, మందు పోయి ఆవు మడమకు తగులుతుంది. సంకేతం బేల్ సెన్సార్ నుంచే రావాలి. దాంతోపాటు కప్పులు ఊడాయన్న సంకేతం కూడా అందాలి. నెమ్మదిగా పాలిచ్చే ఆవు ఇంకా కప్పులతోనే ఉంటే చెయ్యి కదలకూడదు.

బిగించాక తప్పకుండా పేపర్ టవల్ పరీక్ష చేయండి. మందు పడిన వెంటనే తెల్ల టవల్ ముక్కను చన్నుకు చుట్టూ చుట్టి, తీసి విప్పి చూడండి. అయోడిన్ మరక ఒక చివర నుంచి మరో చివరదాకా పట్టీలా రావాలి. మధ్యలో తెల్లగా మిగిలిందంటే ఆ వైపు మందు అందలేదు. ఎక్కువగా తప్పిపోయేవి ముందు చన్నులే, అదీ వాటి ముందు వైపు. నాజిల్ వంపును కొద్దికొద్దిగా మారుస్తూ, కనీసం 20 ఆవుల మీద నాలుగు చన్నులూ చూసేదాకా బోల్టులు బిగించకండి.

ఆవుకు పూటకు 20 మిల్లీలీటర్లు లెక్క. 400 ఆవులకు డ్రమ్ములో 8 లీటర్లు తగ్గాలి. అంతకన్నా తక్కువ తగ్గితే నాజిల్ మూసుకుపోయిందేమో చూడండి. సరిగ్గా 8 తగ్గినా టవల్ పరీక్ష మానొద్దు, మందు నేలమీద పోసినా డ్రమ్ము లెక్క అంతే వస్తుంది.

జూలై, ఆగస్టుల్లో న్యూజిలాండ్‌లో ఈతలు మొదలై తొలిచూలు ఆవులు మందలో చేరతాయి. వాటి పొదుగు పైకి ఉంటుంది, ముసలి ఆవులది కిందికి వేలాడుతుంది. కాబట్టి అప్పుడు పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.