సినిమా ఆడుతోంది కదా అని వీఎల్‌సీని వదిలెయ్యకండి

పోయిన వారం కూర్మన్నపాలెం నుంచి ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకుని ద్వారకానగర్‌లో మా షాపుకొచ్చారు. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. "బాబూ, ఫ్యాను గోల చేస్తోంది, దుమ్ము దులిపెయ్" అన్నారు. దులిపాను. పనిలో పనిగా, సినిమాలు ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి షిఫ్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే వెర్షన్ 2.2.4 అని కనిపించింది. 2016 నాటిది. "సినిమాలు బానే ఆడుతున్నాయి కదా, ఇంకేటి?" అన్నారాయన.

ఆడుతున్నాయి. తంటా అక్కడే. ప్లేయర్ చెడితే మారుస్తాం గానీ, ఆడుతున్నంత కాలం దాని జోలికెవరూ పోరు.

ఆయనకి ఫిషింగ్ హార్బర్ లెక్కలో చెప్పాను. పెట్టె మీద చీటీలో ఇరవై కిలోలని ఉంటుంది, దాన్ని నమ్మి మీరు ఇరవై కిలోల తొట్టె పెడతారు. కుమ్మరిస్తే నలభై కిలోలు. మిగతాది పక్కవాళ్ల తొట్లో పడుతుంది. వీడియో ఫైల్లో కూడా "ఈ ముక్క ఇంత సైజు" అని అంకెలుంటాయి. ప్లేయర్ సరిచూసుకోకుండా ఆ అంకెని నమ్మితే, ఎక్కువైన డేటా మెమరీలో పక్కచోట పడుతుంది. పడేది ఏమిటో, ఎక్కడో ముందే లెక్క కట్టినవాడు మీ కంప్యూటర్‌ని తన చేతిలోకి తీసుకోవచ్చు.

వీడియో దాకా కూడా అక్కర్లేదు. 2017 మేలో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీవాళ్లు ఉత్త సబ్‌టైటిల్ ఫైలుతోనే ఈ పని చేసి చూపించారు. వీఎల్‌సీ, కోడి, పాప్‌కార్న్ టైమ్, స్ట్రీమియో అనే ప్లేయర్లు నాలుగూ దొరికిపోయాయి. ఆ కన్నం పూడ్చకముందు వచ్చిందే ఈయన 2.2.4.

ముందు మీ వెర్షన్ చూడండి. 3.0 అని ఉంటే సరిపోదు, చివరి అంకె చూడాలి. 2024 జూన్‌లో వచ్చిన 3.0.21లో కూడా నెట్ నుంచి వచ్చే ఎంఎంఎస్ అనే రకం వీడియో స్ట్రీముల దగ్గర ఇలాంటి పొంగునే సరిచేశారు. దానికన్నా కిందుంటే హెల్ప్ మెనూలో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. 2.2 లాంటి పాతదైతే నేను తీసేసి కొత్తది వేస్తాను, గొడవుండదు.

కొత్తది ఎక్కడి నుంచి దించుతున్నారో అది ముఖ్యం. 2022లో కొన్ని నెలలు వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ వాళ్ల సైటు, వీడియోలాన్ డాట్ ఆర్గ్, మన దేశంలో తెరుచుకునేది కాదు. నవంబరులో గానీ దారికి రాలేదు. ఆ రోజుల్లో మా కుర్రాడు గూగుల్లో పైన కనిపించిన ఏదో సైటు నుంచి దించాడు. ప్లేయర్‌తో పాటు రెండు టూల్‌బార్లు, ఒక "క్లీనర్" దిగాయి. కస్టమర్ మెషీన్‌లో! సాయంత్రం దాకా అవి పీకడమే సరిపోయింది. అప్పటి నుంచి సెటప్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ దగ్గర వీడియోలాన్ పేరు చూశాకే నొక్కుతున్నాం. ఆ ట్యాబే లేకపోతే ఫైలు డిలీట్.

పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ వీఎల్‌సీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచేది) పెట్టుకున్నవాళ్లకి ఒక మాట: సిస్టంలోది అప్‌డేట్ చేస్తే అది మారదు. పెళ్లి వీడియోల స్టూడియోవాళ్ల దగ్గర ఇవి ఎక్కువ కనిపిస్తాయి నాకు.

విండోస్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు, కనబడేలా పెట్టుకోండి. సినిమా పేరు చివర ఎంపీ4 తర్వాత ఈఎక్స్‌ఈ ఉంటే అది సినిమా కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రాం, దాన్ని ఏ ప్లేయరూ కాపాడదు.

వార్త చూసి హడలిపోయి ప్లేయర్ పీకెయ్యకండి కూడా. 2019 జులైలో వీఎల్‌సీలో పెద్ద ప్రమాదమని జర్మనీ ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. తీరా చూస్తే లోపం లిబ్‌ఈబీఎంఎల్ అనే వేరే లైబ్రరీది (ప్లేయర్ వాడుకునే, వేరేగా ఉండే కోడ్). దాన్ని సరిచేసి అప్పటికే పదహారు నెలలు దాటింది. రిపోర్టు చేసినవాళ్ల ఉబుంటు లినక్స్‌లో పాత లైబ్రరీ ఉండిపోయిందంతే. లినక్స్‌లో అయితే ప్లేయర్ ఒక్కటే కాదు, సిస్టం మొత్తం అప్‌డేట్ చేయాలన్నది అందుకే.

ఈయన మెషీన్‌లో కొత్తది వేసి, డెస్క్‌టాప్ మీద గుట్టగా పడున్న సబ్‌టైటిల్ ఫైళ్లు తీసెయ్యనా అని అడిగాను. "వద్దు బాబూ, మా ఆవిడ మలయాళం సినిమాలవి. అవి పోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నారు. ఉంచేశాను.