పొల్యూషన్ టెస్టులో పాత మాడిఫైడ్ కారు ఫెయిలైతే: ఏ అంకె పెరిగింది, దేన్ని సరిచేయాలి

ఫెయిల్ అనగానే చాలామంది కార్బొరేటర్ స్క్రూ తిప్పిస్తారు, లేదా ఇంకో బంకులో పొల్యూషన్ వ్యాన్ వెతుక్కుంటారు. దానికంటే ముందు స్లిప్పు చూడండి. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పెరిగిందంటే పెట్రోలు ఎక్కువై, గాలి చాలక సగమే కాలుతోంది. హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) పెరిగిందంటే కొంత పెట్రోలు అసలు కాలకుండానే బయటికి పోతోంది. రెంటికీ రిపేర్లు వేరు.

మీ బండికి పరిమితి ఎంతో కూడా తెలిసి ఉండాలి. బీఎస్-2 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో రెండోది) కంటే ముందు తయారైన పెట్రోలు కార్లకు సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం దాకా పర్లేదు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750. బీఎస్-4 కార్లకు 0.3, 200, పైగా 2500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళ కొలత; 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. 1998 మారుతి జెన్‌ను 0.5 శాతంతో కొలిస్తే ఫెయిల్ కాక ఏమవుతుంది? సిస్టమ్‌లో మీ బండి ఏ కేటగిరీలో ఉందో ఆపరేటర్‌ను అడగండి.

టెస్టుకు ముందు ఇరవై నిమిషాలైనా బండి నడపండి. చల్లటి ఇంజిన్‌తో వెళ్తే మంచి బండి కూడా ఫెయిలవుతుంది. ఏసీ ఆపేయండి, చోక్ పూర్తిగా లోపలికి నొక్కండి. ఇంజిన్ ఆయిల్ పాతదైతే మార్చేయండి. ఆయిల్లో కలిసిన పెట్రోలు ఆవిరై, బ్రీదర్ పైపు ద్వారా మళ్ళీ ఇంజిన్‌లోకి వెళ్ళి సీఓ పెంచుతుంది.

సీఓ ఎక్కువ, హెచ్‌సీ మామూలే

కార్బొరేటర్ బండి అయితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. తర్వాత ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ బౌల్లో పెట్రోలు మట్టం). నీడిల్ వాల్వ్ అరిగితే బౌల్లో పెట్రోలు పొంగి, ఎంత ట్యూనింగ్ చేసినా సీఓ దిగదు. నీడిల్ వాల్వ్ మార్చి లెవెల్ సెట్ చేయించాలి.

పికప్ కోసం పెద్ద జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాలు) వేయించినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. టెస్టులో ఫెయిలైతే మెయిన్ జెట్ తీసి పాతది పెట్టిస్తారు. కానీ పాత బండ్లకు కొలత ఐడ్లింగ్‌లోనే తీస్తారు. ఐడ్లింగ్‌లో మెయిన్ జెట్‌కు దాదాపు పనే లేదు. పెట్రోలు వచ్చేది స్లో జెట్ నుంచి. దాని సైజు చూడండి, తర్వాత మిక్చర్ స్క్రూ. స్క్రూ సెట్ చేసేది చెవితో కాదు, గ్యాస్ ఎనలైజర్ పెట్టుకుని చేయాలి. పావు చుట్టు తిప్పడం, అంకె నిలకడగా వచ్చేదాకా ఆగడం, మళ్ళీ పావు చుట్టు. చెవికి నున్నగా వినిపించే ఐడ్లింగ్ చాలాసార్లు (పెట్రోలు పాలు ఎక్కువై) రిచ్‌గానే ఉంటుంది.

ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ లేకుండా కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే) బండిలో ఇది సాధారణంగా సెన్సర్ల గొడవ. ఆక్సిజన్ సెన్సర్ చచ్చినా, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఇంజిన్ చల్లగా ఉందని తప్పు చెప్పినా ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఇంజిన్ లాగే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌కు వెళ్ళే వాక్యూమ్ పైపు చీలితే ఇంజిన్ మీద లోడ్ ఉందనుకుని మరీ ఎక్కువ పోస్తుంది. ఆ పైపు చౌక. ముందు అది చూసి, సెన్సర్ల సంగతి తర్వాత చూడండి.

ఇక హెడర్ (కంపెనీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బదులు వేసే పైపుల సెట్టు) వేయించిన బండి. ఒకే వైరు ఉన్న పాత ఆక్సిజన్ సెన్సర్‌లో హీటర్ ఉండదు, ఎగ్జాస్ట్ వేడితోనే పనిచేస్తుంది. హెడర్‌తో పాటు సెన్సర్ ఇంజిన్‌కు దూరం జరిగితే ఐడ్లింగ్‌లో చల్లబడి సిగ్నల్ ఇవ్వడం మానేస్తుంది. దారిలో బాగానే ఉండి, వ్యాన్ దగ్గర నిలబెట్టిన కాసేపటికి సీఓ పెరిగే బండ్లకు ఇదే జబ్బు. హీటర్ ఉన్న సెన్సర్ పెట్టించండి. సెన్సర్‌కు ముందున్న ప్యాకింగ్ లీకైనా సీఓ పెరుగుతుంది: బయటి గాలి తగిలి సెన్సర్ లీన్ (పెట్రోలు తక్కువ) అని చెబుతుంది, ఈసీఎం ఇంకాస్త పెట్రోలు పోస్తుంది.

హెచ్‌సీ ఎక్కువ, సీఓ తక్కువ

ఏదో ఒక సిలిండర్‌లో మిస్సింగ్ (పెట్రోలు సరిగా అంటుకోకపోవడం) ఉంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ వరుసగా చూడండి. అవి బాగుంటే ఇన్‌టేక్ ప్యాకింగ్ దగ్గర, రబ్బరు పైపుల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టండి. ఐడ్లింగ్ మారిన చోట గాలి లాగుతోందని అర్థం. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత కార్బొరేటర్‌లో మిక్చర్‌ను కొంత లీన్ చేస్తుంది. అంచున ఉన్న బండికి ఆ కొంచెమే చాలు మిస్సింగ్ రావడానికి.

పవర్ కోసం టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) ముందుకు జరిపి ఉంటే కంపెనీ చెప్పిన డిగ్రీలకు తెప్పించండి. టాపెట్ గ్యాప్ కూడా చూపించండి. గ్యాప్ చాలకపోతే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోదు. కంప్రెషన్ చూస్తే వాల్వ్ సీటింగ్ సంగతి తేలుతుంది.

రేసింగ్ క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్టు) వేసి ఉంటే నిజం చెప్పాలి: ఐడ్లింగ్‌లో రెండు వాల్వులూ ఎక్కువసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి కాబట్టి హెచ్‌సీ పూర్తిగా దిగదు. ఐడ్లింగ్ కాస్త పెంచితే కొంత తగ్గుతుంది. 1500 పరిమితి ఉన్న బండి దాంతో గట్టెక్కొచ్చు. 200 పరిమితి ఉన్నదానికి పాత క్యామ్ తిరిగి వేయడమే దారి.

రెండూ ఎక్కువ

బాగా రిచ్ అయి ప్లగ్గులు నల్లబడి ఉండాలి, లేదా క్యాటలిటిక్ కన్వర్టర్ (ఎగ్జాస్ట్ పైపులో విషవాయువులను తగ్గించే భాగం) పోయి ఉండాలి. ముందు ప్లగ్గు తీసి చూడండి. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేసేటప్పుడు కన్వర్టర్ కోసేసి ఖాళీ పైపు వెల్డ్ చేసిన బండ్లు చాలానే ఉన్నాయి. బీఎస్-4 కారైతే ట్యూనింగ్‌తో గట్టెక్కే ఆశ పెట్టుకోకండి, కన్వర్టర్ పెట్టించాల్సిందే. అయితే పాత బండి మీద ఊరికే ఆ నింద వేయొద్దు. 1995లో కన్వర్టర్ తప్పనిసరి చేసింది నాలుగు మెట్రోల్లోనే. విజయవాడలో కొన్న 1996 మారుతి 800లో అది మొదటినుంచీ లేకపోవచ్చు.

సీఓ2 తక్కువ, ఆక్సిజన్ ఎక్కువ

కొలతే కల్తీ అయింది. సైలెన్సర్ జాయింట్లలో బయటి గాలి కలుస్తోంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సైలెన్సర్ మూతికి ఒక్క క్షణం మందపాటి గుడ్డ అడ్డం పెట్టండి. లీకున్న చోట బుస్సుమంటుంది. లాంబ్డా దాటిన బండ్లకు ఇది తప్పక చూడాలి.

డీజిల్ బండికి నల్ల పొగ

ఇక్కడ రేస్ చేసి పొగ సాంద్రత కొలుస్తారు. బీఎస్-4 కంటే పాతవాటికి పరిమితి మీటరుకు 2.45, బీఎస్-4 వాటికి 1.62. పంపులో ఫ్యూయల్ స్క్రూ పెంచి ఉంటే వెనక్కి తిప్పించండి, ట్యూనింగ్ బాక్స్ ఉంటే తీసేయండి. తర్వాత నాజిల్స్ టెస్టింగ్‌కు ఇవ్వండి, టర్బో పైపుల్లో లీకులు చూడండి. పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు. రింగులు, వాల్వ్ సీళ్ళు చూపించుకోవాలి, రింగులకైతే ఇంజిన్ విప్పక తప్పదు.