ముందు ఫోర్కు స్ప్రింగులు మార్చిన తీరు

కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరుకు దిగే ఘాట్ రోడ్డులో ముందు బ్రేకు వేసినప్పుడల్లా నా మోటారుసైకిలు ముందు భాగం బాగా కుంగిపోయి, ఆపైన గుంత తగిలితే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచి, స్ప్రింగుతో కుదుపులు ఓర్చే జంట గొట్టాలు) అడుగంటా కొట్టుకొనేది. ఫోర్కులోని ఆయిల్‌ను ఆపే సీళ్లు కారడం లేదు కనుక పాత స్ప్రింగులే మెత్తబడ్డాయని నిర్ధారించుకొని, ఒక కొన చుట్లు దగ్గరగా, మిగతావి ఎడంగా ఉండి, నొక్కేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగులు తెప్పించాను.

ఇంజను కింద దిమ్మ పెట్టి, చక్రం నేలకు ఆనకుండా చూసి, ఫోర్కు గొట్టాన్ని పైన బిగించి పట్టే క్లాంపు బోల్టు వదులు చేసిన తరువాతే ఫోర్కు మూత విప్పాను. లోపలి స్ప్రింగు పైకి తోస్తూ ఉంటుంది గనుక చివరి మర చుట్ల దగ్గర మూతను గట్టిగా అదిమి పట్టుకోవాలి. బయటికి వచ్చిన ఆయిల్ బూడిదరంగుకు తిరిగి, కుళ్లిన చేపల వాసన వేసింది.

ఆయిల్ మట్టం విషయంలో మాత్రం తొందర పనికిరాదు. స్ప్రింగు తీసేసి, ఫోర్కును పూర్తిగా నొక్కి, గొట్టం అంచు నుంచి ఆయిల్ దాకా ఉన్న ఖాళీని మాన్యువల్‌లోని కొలతకు రెండు వైపులా సమానంగా తేవాలి. ఆ ఖాళీలోని గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. పొడవులో తేడాకు పీవీసీ గొట్టం ముక్కను స్పేసరుగా (స్ప్రింగుపై ఖాళీని నింపే ముక్కగా) కోసి, నేను ఎక్కి కూర్చుంటే ఫోర్కు మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు కుంగేలా సరిచేశాను.

ఇప్పుడు ఘాట్ మలుపుల్లో బండి నిలకడగా దిగుతోంది. రాయగడ వైపు గతుకుల్లో చేతులకు కాస్త గట్టిగా తగులుతోంది గానీ, ఆ మాత్రం నాకు సమ్మతమే.