హైదరాబాద్‌లో శని, ఆదివారాల సభలకు, ప్రదర్శనలకు వెళ్లదలచినవారికి

హైదరాబాద్‌లో సెలవురోజు సాయంత్రం రూపాయి ఖర్చు లేకుండా కూచిపూడి చూడవచ్చు, శాస్త్రీయ సంగీతం వినవచ్చు, పద్య నాటకమో పుస్తకావిష్కరణో చూసి రావచ్చు. అయితే ఈ ఉచిత సభల్లో చాలావాటి సంగతి టికెట్లు అమ్మే యాప్‌లలో కనిపించదు. అవి అమ్మేవాటినే చూపుతాయి; టికెట్టు లేని సభకు అక్కడ చోటు దొరకడం అరుదు. అందువల్ల శనివారం ఉదయం ముందుగా తెలుగు దినపత్రికల నగర పేజీలలో ‘నగరంలో నేడు’ వంటి శీర్షిక కింద వచ్చే చిన్న అక్షరాల జాబితాను చూడాలి. ఒకసారి సభకు వెళ్లినప్పుడు ప్రాంగణంలో అంటించిన రాబోయే కార్యక్రమాల కరపత్రాలను ఫోన్‌తో ఫొటో తీసుకుంటే, తరువాతి రెండు మూడు వారాలకు వెతుకులాట తగ్గుతుంది.

సభ దొరికిన తరువాత ఆహ్వాన పత్రికను చదవడం తెలియాలి. అందులో సాయంత్రం 6 గంటలకు అని ఉంటే అది చాలాసార్లు జ్యోతి ప్రజ్వలన వేళే కాని, గజ్జెల చప్పుడు వినిపించే వేళ కాదు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ పేర్లు అర పేజీ ఆక్రమించి, నర్తకి పేరు అడుగున ఒక్క వరుసలో ఉంటే, ప్రసంగాలకు, శాలువాలకు గంటకు పైగా పడుతుందని అనుకోవచ్చు. ‘సభకు ముందు నృత్య ప్రదర్శన’ అని రాసి ఉంటే మాత్రం చెప్పిన వేళకే చేరాలి, ఎందుకంటే అతిథుల కోసం ఎదురుచూసే సమయాన్నే నిర్వాహకులు పిల్లల ప్రదర్శనలతో నింపుతారు, ఆ పిల్లలు కొన్నిసార్లు పెద్దల కంటే బాగా ఆడతారు. సన్మానాలు ఎక్కువైతే ప్రధాన ప్రదర్శనకు కోత పడుతుందన్నది నా ఫిర్యాదు. రసికులు ఓపిక పట్టక మధ్యలో లేచిపోతే ఆ కోత ఇంకా పెరుగుతుందన్నదీ నిజమే.

లక్డీకాపూల్ దగ్గర శాసనసభకు సమీపంలో ఉన్న రవీంద్రభారతి నగరంలోని సభలకు పెద్ద దిక్కు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన ఈ భవనం 1961లో ప్రారంభమైంది. ఇక్కడికి వెళ్లేవారు కార్యక్రమం ప్రధాన మందిరంలోనా, సమావేశ మందిరంలోనా, పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లోనా అన్నది ఆహ్వాన పత్రికలోనే చూసుకోవాలి. కరీంనగర్‌లో పుట్టి, హిందీ చిత్రసీమలో కథానాయకుడై, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నటుడి పేరు పెట్టిన ఆ చిన్న థియేటర్‌లో సినిమాల ప్రదర్శనలు, వాటిపై చర్చలు జరుగుతుంటాయి. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలోనూ ఒకే ప్రాంగణంలో ఒకటికి మించి వేదికలు ఉన్నాయి. ఇలాంటి ఒక ప్రాంగణంలో నేను వేదిక పేరు చూడకుండా లోపలికి వెళ్లి, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన షష్టిపూర్తి అభినందన సభలో ముప్పావు గంట కూర్చున్నాను. నేను వినవలసిన వీణ పక్క మందిరంలో అయిపోయింది.

సాయంత్రం ఎక్కడో తేలిన తరువాతే పగటి సంగతి ఆలోచించడం మేలు, లేకపోతే నగరానికి ఆ కొసన పొద్దు పుచ్చి, ఈ కొసన సభకు ట్రాఫిక్‌లో ఈదుతూ రావలసి వస్తుంది. ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో సభ ఉంటే పగలంతా పాత నగరం వైపు గడపవచ్చు. నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి ఆబిడ్స్‌కు నడిస్తే, ఆ రోజు మూసి ఉండే దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. గుడ్డ సంచి, చిల్లర డబ్బు దగ్గర ఉండాలి. పుస్తకం నచ్చితే అట్టను చూసి మురిసిపోకుండా మధ్య పేజీలు, చివరి పేజీ ఉన్నాయో లేవో తిరగేసి చూడాలి. బేరం ఆ తరువాత. వారపత్రికల నుంచి సీరియళ్లను చింపి ఎవరో ఓపికగా బైండు చేయించుకున్న సంపుటాలు ఎప్పుడైనా కనిపిస్తే, వాటి దగ్గర బేరంలో మరీ పట్టుదలకు పోవద్దని నా సలహా.

అక్కడి నుంచి మూసీ దాటితే దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ మ్యూజియం. దీనికి సెలవు శుక్రవారం కనుక శని, ఆదివారాలు రెండూ తెరిచే ఉంటుంది, అయితే ఆదివారం రద్దీ ఎక్కువ. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ శిల్పాన్ని, ఆ పాలరాతి మేలిముసుగు వెనుక కనిపించే ముఖాన్ని, తీరికగా చూడాలి. సంగీత గడియారం దగ్గర గడ్డం ఉన్న చిన్న బొమ్మ గంట గంటకూ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొడుతుంది. కనుక ఆబిడ్స్‌లో పదకొండుకల్లా ముగించుకుని, 12కు కనీసం పదిహేను నిమిషాల ముందే అక్కడ చోటు సంపాదించాలి. ఆలస్యంగా వెళ్లి ఒంటి గంటకు నిలబడితే ఒక్క దెబ్బతో సరి. తిరుగు ప్రయాణానికి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్ ఆటోలో కొద్ది నిమిషాల దూరమే. అక్కడ జేబీఎస్ వైపు మెట్రో ఎక్కితే చిక్కడపల్లికి నేరుగా చేరవచ్చు.

పడమటి వైపు ఉండేవారు ఇంత దూరం రాలేకపోతే, మాదాపూర్ శిల్పారామంలో చేతివృత్తుల అంగళ్లు చూసుకుని సాయంత్రం నృత్య ప్రదర్శనకు కూర్చోవచ్చు. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదిక పద్ధతి వేరు: అక్కడ శాలువాలు, పూలదండలు ఉండవు, చాయ్, సమోసా ఉంటాయి, నాటకాల తోపాటు వాదోపవాదాలకూ చోటు ఉంటుంది. గోల్కొండ కోటలో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు వెళ్లేవారు ఆ పూట ఏ భాషలో ఉందో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

పిల్లలను ఒక్కదానికే తీసుకువెళ్లగలిగితే నేను సురభి నాటకాన్నే ఎంచుకుంటాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజపు వారసులు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడ్డారు. ‘మాయాబజార్’ వేసే రోజు తెలిస్తే వదలకూడదు. తీగల మీద మనుషులు గాలిలో తేలడం, తెరలు రెప్పపాటులో మారిపోవడం చూడడానికి ముందు వరుసల కంటే మధ్య వరుసలు మంచివి, మరీ దగ్గరగా కూర్చుంటే తీగలు కనిపించి పిల్లలకు మాయ చెదిరిపోతుంది. పెద్ద పిల్లలైతే ముందు వరుసలోనే కూర్చుని ఆ తీగలు ఎవరు లాగుతున్నారో కనిపెట్టే ప్రయత్నం చేస్తారు, అదీ ఒక వేడుకే. లింగంపల్లి వరకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ సాగే రోజులలో, ముఖ్యంగా ఆదివారం సాయంత్రం, ఆ దారిలో కారు తీయకపోవడమే మంచిది. రాత్రి సభ ఎంతసేపు సాగుతుందో నిర్వాహకులకే తెలియదు కనుక, లోపలికి వెళ్లేముందే మెట్రో స్టేషన్‌లో చివరి రైలు వేళ కనుక్కుని, వెనుక వరుసలో నడవ పక్క కుర్చీ చూసుకుని కూర్చోవాలి.